డిస్కమ్ వార్షిక నివేదికలో పెట్టుబడి అంకె ఒకటి, కమిషన్ పిటిషన్‌లో ఇంకొకటి: ఏది పట్టుకోవాలి?

రైస్‌మిల్లు_లెక్కలు
అందరికీ నమస్కారం. మాది కోస్తాలో ఒక చిన్న టౌను, నేను రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. కరెంటు బిల్లులో ట్రూఅప్ అనీ (పాత ఏడాది అదనపు ఖర్చుని తర్వాత వసూలు చేయడం), ఎఫ్‌పీపీసీఏ అనీ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు) అదనపు లైన్లు వస్తుంటే మిల్లర్లందరూ కలిసి ఈసారి విద్యుత్ నియంత్రణ కమిషన్ బహిరంగ విచారణలో అభ్యంతరాలు వేద్దామన్నారు. రాసే పని నా మీద పడింది. మా డిస్కమ్ (కరెంటు పంపిణీ కంపెనీ) టారిఫ్ కోసం కమిషన్‌కి వేసిన పిటిషన్ డౌన్‌లోడ్ చేసుకుని చదివాను, వార్షిక నివేదికా చదివాను. ఒకే సంవత్సరానికి పిటిషన్‌లో పెట్టుబడి వ్యయం ఒక అంకె, ఆడిట్ అయిన ఖాతాల్లో స్థిరాస్తులకు చేర్చింది ఇంకో అంకె, క్యాష్ ఫ్లో పట్టికలో మూడో అంకె. తేడాలు వందల కోట్లలో ఉన్నాయి. అది చాలదన్నట్టు బ్యాలెన్స్ షీట్‌లో "పెట్టుబడులు" అని వేరే నోట్ ఉంది, అందులో అంకె వీటన్నిటికంటే చాలా చిన్నది. మా మిల్లు పుస్తకాలు ఇలా ఉంటే ఆడిటర్ సంతకం పెట్టడు. ఇందులో తప్పు ఉందా, లేక నాకు అర్థం కానిది ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

నోట్స్_చదివే_సీఏ
ముందు ఆ చివరిది తేల్చేద్దాం, అది తేలిక. తెలుగులో మనం రెండింటికీ పెట్టుబడి అనే మాటే వాడతాం, చిక్కంతా అక్కడే వచ్చింది. బ్యాలెన్స్ షీట్‌లో "పెట్టుబడులు" అంటే ఇతర కంపెనీల్లో వాటాలు, బాండ్లు, అలాంటివి. ఉదాహరణకి నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర థర్మల్ కేంద్రం నడిపే ఏపీపీడీసీఎల్‌లో ఏపీ జెన్‌కోతో (ప్రభుత్వ విద్యుత్ ఉత్పత్తి కంపెనీ) పాటు డిస్కమ్‌లకు కూడా వాటాలు ఉన్నాయి, ఆ వాటాల విలువ ఈ నోట్‌లోకి వస్తుంది. దానికీ మీ ఊళ్లో వేసిన లైన్లకీ సంబంధం లేదు. పిటిషన్‌లో పెట్టుబడి అంటే స్తంభాలు, తీగలు, సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మీద పెట్టిన ఖర్చు. కాబట్టి మీ నాలుగు అంకెల్లో ఒకటి పక్కన పెట్టేయండి. మిగిలిన మూడింటి మధ్య తేడా మాత్రం నిజంగా అడగాల్సిందే.

రిటైర్డ్_ఏఓ
బాబూ, మంచి ప్రశ్న అడిగావు. నేను 1980ల చివర్లో విద్యుత్ బోర్డులో చేరాను, ఏపీఎస్‌ఈబీ కాలం. 1999 ఫిబ్రవరి 1న బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోగా విడిపోయింది, 2000 ఏప్రిల్ నుంచి డిస్కమ్‌లు వచ్చాయి. బోర్డులో ఉన్నప్పుడు 1985 వార్షిక ఖాతాల నియమాలు మాకు భగవద్గీత లాంటివి. 10 అంటే స్థిరాస్తులు, 12 అంటే తరుగుదల (ఆస్తి వాడకంతో ఏటా తగ్గే విలువ), 14 అంటే జరుగుతున్న పనులు, 55 అంటే పనుల ఖర్చు కోసం వినియోగదారుల నుంచి వచ్చిన కంట్రిబ్యూషన్లు, గ్రాంట్లు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. డబ్బు ఖర్చయినప్పుడు 14లో పడుతుంది, పని పూర్తయి వాడకంలోకి వచ్చాక 14 నుంచి 10కి మారుతుంది. నీ మూడు అంకెల రహస్యం సగం ఇందులోనే ఉంది. క్యాష్ ఫ్లోలో కనపడేది ఆ ఏడాది చేతినుంచి పోయిన డబ్బు. ఖాతాల్లో ఆస్తులకు చేర్చింది 14 నుంచి 10కి మారినది, అందులో మూడేళ్ల కిందట మొదలైన పనులూ ఉంటాయి. పిటిషన్‌లో చూపేది చాలాసార్లు అంచనా, కమిషన్ ఆమోదించిన ప్లాన్ ప్రకారం చేయబోయే పని. మూడూ ఒకేలా ఉంటేనే నేను అనుమానిస్తాను.

అయితే తేడా ఉండటం తప్పు కాదు అంటే, ఎంత తేడా అయినా ఒప్పుకోవాలని కాదు. తేడా ఎక్కడినుంచి వచ్చిందో చూపించే పట్టిక ఉండాలి. అది పెట్టకపోవడమే తప్పు.

రైస్‌మిల్లు_లెక్కలు
సార్, చాలా థాంక్స్. ఒక డౌటు. డబ్బు ఖర్చయింది, పని అయింది, ఇక 14లో ఉంటే ఏమిటి, 10లో ఉంటే ఏమిటి? నా బిల్లు మీద తేడా పడుతుందా?

నోట్స్_చదివే_సీఏ
పడుతుంది, అందుకే ఇది మామూలు కంపెనీ లెక్క లాంటిది కాదు. మీ మిల్లులో తరుగుదల ఎలా లెక్కగట్టినా బియ్యం ధర మారదు, మార్కెట్ ఎంత ఇస్తే అంతే. డిస్కమ్‌లో ఆస్తి విలువ ఎంత అని రాశారో దాని మీద వడ్డీ, ఈక్విటీ (కంపెనీ సొంత మూలధనం) రాబడి, తరుగుదల కలిపి టారిఫ్‌లోకి వస్తాయి. ఖాతా విధానం అంటే ఇక్కడ ధర నిర్ణయంలో ఒక భాగం.

ఉమ్మడి రాష్ట్రంలో కమిషన్ తెచ్చిన 2005 నాటి 4వ నంబరు నిబంధన ఉంది కదా, దాని ప్రకారం చెప్తా. ఆస్తుల మొదటి ఖరీదులోంచి పేరుకున్న తరుగుదల తీసేయాలి, వినియోగదారుల కంట్రిబ్యూషన్ తీసేయాలి, వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడకకు కావాల్సిన డబ్బు) కలపాలి. వచ్చినదాన్ని రెగ్యులేటెడ్ రేట్ బేస్ అంటారు. దాని మీద అప్పు, ఈక్విటీ 75:25 నిష్పత్తిలో సగటు రేటు కట్టి రాబడి ఇస్తారు. ఊరికే లెక్క కోసం, ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్ 6 కోట్లు అనుకోండి. అప్పు వడ్డీ 10 శాతం, ఈక్విటీ మీద 14 శాతం అనుకుంటే సగటు 11 శాతం. అంటే పూర్తి ఏడాదికి 66 లక్షలు. ఆ ఏడాది కొత్తగా చేరిన ఆస్తిని సగమే లెక్కేస్తారు కాబట్టి మొదటి ఏడు 33 లక్షలు. దీనికి తరుగుదల అదనం. సీఈఆర్‌సీ (కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్) పట్టికలో చాలా ఆస్తులకు ఉన్న 5.28 శాతం రేటు తీసుకుంటే ఏడాదికి 31.68 లక్షలు. పన్నెండేళ్లలో 3.80 కోట్లు వచ్చేస్తుంది, మొత్తం 90 శాతం వరకే తరుగుదల ఇస్తారు కాబట్టి మిగిలిన 1.60 కోట్లు తర్వాతి జీవితకాలంలో సర్దుతారు. తెలంగాణ 2023లో సొంతంగా కొత్త బహుళ సంవత్సర టారిఫ్ నిబంధన తెచ్చుకుంది, అక్కడివాళ్లు దాన్ని చూసుకోవాలి, కానీ అసలు తర్కం ఇదే.

పదకొండు_కేవీ_ఫీడర్
నేను ఒక సెక్షన్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీర్) పనిచేస్తున్నాను, ఏ కంపెనీ అన్నది వదిలేయండి. 14 నుంచి 10కి ఎందుకు మారదో కింద ఉన్నవాళ్లం చెప్తే బాగుంటుంది. పని చార్జ్ చేసిన (అంటే లైన్‌లోకి కరెంటు వదిలిన) రోజే లైన్ వాడకంలోకి వస్తుంది, జనం స్విచ్ వేస్తారు, లైటు వెలుగుతుంది. కానీ పుస్తకంలో ఆ పని మూయాలంటే భౌతికంగా పూర్తయిందని పీసీసీ, ఆస్తుల రిజిస్టర్‌లో ఎక్కిందని ఎఫ్‌సీసీ, ఈ రెండు సర్టిఫికెట్లూ కావాలి. ఎస్టిమేట్‌లో 40 స్తంభాలు ఉంటే 43 పడ్డాయనుకోండి, రివైజ్డ్ ఎస్టిమేట్ పెట్టాలి. మిగిలిన కండక్టర్ (తీగ) స్టోర్స్‌కి తిప్పి పంపాలి, విప్పిన పాత ట్రాన్స్‌ఫార్మర్ లెక్క అప్పజెప్పాలి. ఈలోగా ఏఈ బదిలీ అవుతాడు. కొత్తగా వచ్చినవాడు తను చూడని పనికి సంతకం పెట్టడు, పెట్టమంటే భయపడతాడు, ఆ భయంలో అర్థం ఉంది. నేను ఈ సెక్షన్‌కి వచ్చినప్పుడు నాకు అప్పజెప్పిన మూయని పనుల జాబితాలో అయిదేళ్ల కిందట చార్జ్ చేసిన లైన్లు ఉన్నాయి. అవి ఇంకా జరుగుతున్న పనులుగానే రాసి ఉన్నాయి. చాలా బాధేసింది. వాటిలో కొన్నిటికి నేనే స్తంభం స్తంభం నడిచి కొలతలు తీసుకుని మూయించాను.

శ్రీకాకుళం_వినియోగదారుడు
ఏఈ గారూ, మీ కష్టం అర్థమైంది. కానీ ఒక రకంగా ఆలస్యం మాకు లాభమే కదా? 10లోకి రాలేదంటే రేట్ బేస్‌లోకి రాలేదు, రాబడీ లేదు, తరుగుదలా లేదు. మేమెందుకు తొందరపెట్టాలి?

నోట్స్_చదివే_సీఏ
చాలామంది ఇలాగే అనుకుంటారు. కానీ ఇక్కడ దాక్కున్న ఖర్చు ఒకటి ఉంది, నిర్మాణ సమయంలో వడ్డీ. పని సాగుతున్నంత కాలం అప్పు మీద వడ్డీని ఆస్తి ఖరీదుకి కలుపుతారు, అది సబబే. ఇండ్ ఏఎస్ (కంపెనీల ఖాతాలకు మన దేశంలో ఉన్న ప్రమాణాలు) 23 ప్రకారం ఆస్తి వాడకానికి సిద్ధమైన రోజున ఆ కలపడం ఆపాలి. ఇండ్ ఏఎస్ 16 ప్రకారం తరుగుదల కూడా అదే రోజు మొదలవ్వాలి. కాగితం మూయడానికీ దీనికీ ముడి లేదు. కాగితం మూసేదాకా వడ్డీ కలుపుతూ పోతే ఏమవుతుంది? ఆ 6 కోట్ల సబ్‌స్టేషన్‌లో అప్పు 4.5 కోట్లు, 10 శాతం వడ్డీకి ఒక్క ఏడాది ఆలస్యమైతే 45 లక్షలు ఖరీదుకి చేరుతుంది. ఇక అది 6.45 కోట్ల ఆస్తి. దాని మీద పాతికేళ్ల పాటు రాబడీ తరుగుదలా మీరే కడతారు. ఒక ఏడాది బిల్లులో మిగిలిందనుకున్నది ఇలా చాలా ఏళ్లు తిరిగి వస్తుంది.

అదే చోట ఇంకోటి చూడండి, ఉద్యోగుల జీతాలు, ఆఫీసు ఖర్చుల్లో కొంత భాగాన్ని పనుల ఖరీదుకి కలపడం. కొన్ని చోట్ల పని విలువలో ఒక స్థిర శాతం వేసేస్తారు. ఇండ్ ఏఎస్ 16 పరిపాలనా ఖర్చులను ఆస్తిలో కలపనివ్వదు, ఆ పనికి నేరుగా అయినదే కలపాలి. స్థిర శాతం కనిపిస్తే ఎలా వచ్చిందని అడగండి. ఈ ఏడాది ఖర్చు తగ్గి లాభం బాగా కనిపిస్తుంది, ఆస్తి మాత్రం ఉబ్బుతుంది.

శ్రీకాకుళం_వినియోగదారుడు
ఈ కోణం నాకు తట్టలేదు మేడం. నా మాట వెనక్కి తీసుకుంటున్నా.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
కంట్రిబ్యూషన్ గురించి ఎవరైనా చెప్పండి. మా అపార్ట్‌మెంట్‌కి ట్రాన్స్‌ఫార్మర్, కేబుల్ అన్నీ మా డబ్బుతోనే పెట్టించాం. పనంతా మా కాంట్రాక్టర్‌తో చేయించుకుని డిస్కమ్‌కి సూపర్‌విజన్ చార్జీలు కట్టాం. తర్వాత ఆ ట్రాన్స్‌ఫార్మర్ డిస్కమ్ ఆస్తి అన్నారు. సరే, వాళ్లే మెయింటైన్ చేస్తారు. కానీ మా డబ్బుతో కొన్న ఆస్తి మీద వాళ్లకి రాబడి ఇస్తారా?

రిటైర్డ్_ఏఓ
ఇవ్వకూడదమ్మా. అందుకే 55 ఖాతా ఉండేది. పది లక్షల పని అనుకో. ఆస్తుల్లో పది లక్షలు రాస్తారు, అవతలి వైపు కంట్రిబ్యూషన్ పది లక్షలు రాస్తారు. ఏటా తరుగుదల 52,800 ఖర్చుగా పోతుంది, అంతే మొత్తం కంట్రిబ్యూషన్ నుంచి ఆదాయంగా తీసుకుంటారు, రెండూ చెల్లు. రేట్ బేస్‌లో కంట్రిబ్యూషన్ తీసేస్తారు కాబట్టి రాబడీ ఉండదు. ఇది సరిగ్గా జరిగితే నీ డబ్బు మీద ఎవరూ లాభం తినరు.

సరిగ్గా జరగకపోవడం ఎక్కడంటే, కాంట్రాక్టర్‌తో చేయించుకున్న పనుల్లో డిస్కమ్ చేతికి డబ్బు రాదు, ఆస్తే వస్తుంది. డబ్బు వచ్చిన పనికి రసీదు ఉంటుంది కాబట్టి 55లో పడి తీరుతుంది. ఆస్తిగా వచ్చినదాన్ని ఎవరైనా పూనుకుని రెండు వైపులా రాయాలి. ఒక వైపు రాసి రెండో వైపు మర్చిపోతే, సగటు 11 శాతమే అనుకున్నా పది లక్షల మీద ఏడాదికి లక్షా పది వేలు వినియోగదారులందరి నెత్తిన పడుతుంది. ఒక అపార్ట్‌మెంట్‌కి ఇది చిన్నదే. ఒక జిల్లాలో ఏడాదికి ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఎన్ని లేఅవుట్లు లేస్తాయో చూడు.

ఇంకొక జాగ్రత్త. తరుగుదల రేటు, కంట్రిబ్యూషన్‌ని ఆదాయంలోకి తీసుకునే రేటు ఒకటేనా అని నోట్స్‌లో చూడాలి. రెండూ వేరుగా ఉంటే లాభనష్టాలు వంకరవుతాయి.

మెదక్_రైతుబిడ్డ
గ్రాంట్లకీ ఇదే పద్ధతా సార్? ఆర్‌డీఎస్‌ఎస్ (కరెంటు పంపిణీ బాగు కోసం కేంద్రం పెట్టిన పథకం) కింద ఏపీలో చాలా పనులు జరుగుతున్నాయి కదా.

నోట్స్_చదివే_సీఏ
అవును, గ్రాంటు భాగం రేట్ బేస్‌లో ఉండకూడదు. 2021లో వచ్చిన ఆ పథకం మొత్తం 3,03,758 కోట్లు, అందులో కేంద్రం ఇచ్చేది 97,631 కోట్లు, మిగతాది అప్పో రాష్ట్రాల సొమ్మో. ఒక డిస్కమ్ "ఆర్‌డీఎస్‌ఎస్ కింద ఇంత పెట్టుబడి పెట్టాం" అని నివేదికలో రాసినప్పుడు, గ్రాంటు ఎంత, ఇంకా రావాల్సింది ఎంత అని విడదీసి అడగాలి. షరతులు నెరవేరకపోతే గ్రాంటు ఆగుతుంది, ఆ లోటు అప్పుగా మారుతుంది.

స్మార్ట్ మీటర్ల సంగతి ఇంకో రకం. మీటర్లు పెట్టే కంపెనీయే సొంత డబ్బుతో పెడుతుంది, డిస్కమ్ మీటరుకి నెలకి ఇంత అని ఏళ్ల తరబడి చెల్లిస్తుంది. అంటే డిస్కమ్ పెట్టుబడి పట్టికలో అది కనపడకపోవచ్చు, నిర్వహణ ఖర్చులో కనపడొచ్చు. అసలు ఇది లీజు కిందికి వస్తుందా, సేవ కిందికి వస్తుందా అన్నది ఇండ్ ఏఎస్ 116 పెట్టుకుని ఒప్పందం చదివి తేల్చాలి. లీజు అయితే ఆస్తీ అప్పూ రెండూ బ్యాలెన్స్ షీట్ మీదికి వస్తాయి. పిటిషన్‌లో ఒక రకంగా, ఖాతాల్లో ఇంకో రకంగా పెడితే ఒకే ఖర్చు రెండు చోట్ల టారిఫ్‌లోకి వచ్చే ప్రమాదం ఉంది. విచారణలో ఇది తప్పకుండా అడగాలని నా అభిప్రాయం.

శార్లట్_తెలుగువాడు
నేను అమెరికాలో ఒక కరెంటు కంపెనీలో రెగ్యులేటరీ అకౌంటింగ్ చేస్తాను, అందుకే రిటైర్డ్ సార్ పోస్టు చదవగానే ఆశ్చర్యమేసింది. ఇక్కడ ఫెర్క్ (అమెరికా కేంద్ర విద్యుత్ నియంత్రణ సంస్థ) పెట్టిన ఒకే ఖాతాల పద్ధతి ఉంది, అందరూ అవే నంబర్లు వాడాలి. 101 అంటే వాడకంలో ఉన్న ఆస్తి, 107 అంటే జరుగుతున్న పని, 182.3 అంటే రెగ్యులేటరీ ఆస్తులు (వినియోగదారుల నుంచి తర్వాత వసూలు చేసుకోవాల్సినవి), 254 అంటే రెగ్యులేటరీ అప్పులు (వాళ్లకి తిరిగి ఇవ్వాల్సినవి). ఏటా ఫారం 1 దాఖలు చేయాలి, అది ఎవరైనా తెరిచి చూడొచ్చు. వాటాదారులకి ఇచ్చే ఖాతాలు వేరే రూపంలో ఉన్నా, తేడా ఏమిటో ఆ ఫారంలో చూసుకోవచ్చు. ఇక్కడ అంతా బాగుందని నేను అనను, కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి. కానీ "మీ అంకె ఏ ఖాతాది?" అని అడిగితే నంబరు చెప్పాల్సిందే. మన 10, 14, 55 పద్ధతి ఇలాంటిదే కదా, మరి ఎందుకు వదిలేశారు?

రిటైర్డ్_ఏఓ
పూర్తిగా వదల్లేదు నాయనా, నేను రిటైరయ్యేదాకా లోపల కంప్యూటర్లో ఆ కోడ్లే నడిచాయి. కంపెనీలయ్యాక బయటికి ఇచ్చే ఖాతాలు కంపెనీల చట్టం నమూనాలోకి మారాయి, అక్కడ 14, 55 కనపడవు. పిటిషన్ నమూనా కమిషన్‌ది. లోపల ఒకే పుస్తకం ఉన్నా బయటికి రెండు మొహాలు. ఆ రెంటినీ కలిపే కాగితం లోపల ఉంటుంది, లేకపోతే ఎవరూ పిటిషన్ తయారు చేయలేరు. బయట పెట్టమని గట్టిగా అడిగేవాళ్లు లేక బయటికి రాలేదు, అంతే.

పదకొండు_కేవీ_ఫీడర్
తరుగుదల రేటు కూడా రెండు చోట్ల వేరుగా ఉంటుందని విన్నాను, నిజమేనా?

నోట్స్_చదివే_సీఏ
ఉండొచ్చు. కంపెనీల చట్టం 2013లో రెండో షెడ్యూలు మామూలు కంపెనీలకు ఆస్తుల జీవితకాలం చెప్తుంది. కానీ పార్లమెంటు చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ ఖాతాల కోసం వేరే జీవితకాలం ప్రకటిస్తే అదే వాడాలని అందులోనే పార్ట్ బీ ఉంది. ఏ రేటు వాడారో నోట్స్ మొదటి పేజీల్లో "ముఖ్యమైన ఖాతా విధానాలు" కింద రాయాలి. చదవకుండా దాటేసే పేజీలు అవే.

మెదక్_రైతుబిడ్డ
ట్రూఅప్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అదే కదా బిల్లులో కనపడేది.

నోట్స్_చదివే_సీఏ
ఖర్చు ఇప్పుడు అయిపోయింది, కమిషన్ అనుమతిస్తే తర్వాత వసూలవుతుంది. ఆ మధ్య కాలంలో దాన్ని ఖాతాల్లో ఏమని రాయాలి? ఇండ్ ఏఎస్ 114 దీన్ని మామూలు ఆస్తులతో కలపకుండా విడిగా ఒక లైనులో చూపమంటుంది. కాబట్టి డిస్కమ్ లాభం చూపించిందనగానే సంతోషపడకండి, ఆ లైనుకి ముందు లాభం ఎంత, తర్వాత ఎంత అని చూడండి. కొన్నిసార్లు లాభమంతా ఇంకా వసూలు కాని ట్రూఅప్ నుంచే వస్తుంది.

ఏపీలో ఇలా 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు కమిషన్ అనుమతించి విడతలుగా వసూలు చేయించింది. ఇలాంటివి ఏళ్ల తరబడి పేరుకోకూడదని 2025 ఆగస్టు 6న సుప్రీంకోర్టు ఢిల్లీ డిస్కమ్ బీఎస్ఈఎస్ కేసులో చెప్పింది. కొత్త బకాయి వార్షిక ఆదాయ అవసరంలో 3 శాతం దాటకూడదు, పాతది 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా ఏడేళ్లలో తీర్చాలి.

శ్రీకాకుళం_వినియోగదారుడు
తిరిగి ఇచ్చింది కూడా చెప్పాలి. ఎఫ్‌పీపీసీఏ కింద నెలనెలా యూనిట్‌కి 40 పైసల దాకా వసూలు చేశారు కదా, 2024-25కి లెక్క తేల్చాక ఎక్కువ వచ్చిందని 923.55 కోట్లు వెనక్కి ఇమ్మని ఏపీ కమిషన్ చెప్పింది. 2025 నవంబరు నుంచి యూనిట్‌కి 13 పైసలు తగ్గింది. ఇంకా ముందు, 2021లో 3,669 కోట్ల ట్రూఅప్ ఉత్తర్వు ఇచ్చి, అభ్యంతరాల తర్వాత వెనక్కి తీసుకుని మళ్లీ విచారణ జరిపారు. అడిగితే ఏం లాభం అనేవాళ్లకి నేను ఎప్పుడూ ఈ రెండూ చూపిస్తాను.

రైస్‌మిల్లు_లెక్కలు
మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, పేరుపేరునా ధన్యవాదాలు. ఇందులో తప్పు ఉందా అని అడిగాను, ఆ మాట అభ్యంతరంలో రాయను, నా దగ్గర రుజువు లేదు. రాత్రి కూర్చుని ఇలా రాశాను, తప్పులుంటే దిద్దండి:

"గత మూడు సంవత్సరాలకు ఆడిట్ అయిన ఖాతాల్లోని ఆస్తుల చేర్పులకూ, పిటిషన్‌లో చూపిన పెట్టుబడికీ, నగదు వ్యయానికీ మధ్య తేడాను పని వారీగా చూపే సమన్వయ పట్టిక ఇవ్వగలరు. జరుగుతున్న పనుల్లో ఇప్పటికే చార్జ్ అయిన పనుల జాబితా, చార్జ్ చేసిన తేదీ, ఆ తేదీ తర్వాత కలిపిన వడ్డీ తెలపగలరు. వినియోగదారుల సొంత ఖర్చుతో నిర్మించి అప్పగించిన ఆస్తుల విలువ, దానికి ఎదురుగా కంట్రిబ్యూషన్‌లో రాసిన విలువ తెలపగలరు. స్మార్ట్ మీటర్ల చెల్లింపులు ఏ పద్దు కింద చూపారో తెలపగలరు."

రిటైర్డ్_ఏఓ
బాగుంది. రెండు మార్పులు. "పని వారీగా" అంటే వేల పనులు వస్తాయి, సాధ్యం కాదని ఒక్క ముక్కలో తిప్పేస్తారు. "పథకం వారీగా, కోటి రూపాయలు దాటిన పనులకు పని వారీగా" అని రాయి. ఇక ఆస్తుల రిజిస్టర్ చివరిసారి క్షేత్రస్థాయిలో ఎప్పుడు సరిచూశారో కూడా అడుగు, అది లేకపోతే మిగతా జవాబులకి ఆధారం ఉండదు.

పదకొండు_కేవీ_ఫీడర్
చార్జ్ చేసిన తేదీ ఎక్కడ దొరుకుతుందని వాళ్లు అంటే, సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఉంటుందని రాయండి. ప్రతి ఫీడర్ మొదటిసారి చార్జ్ చేసిన రోజూ టైమూ ఆపరేటర్ అందులో చేత్తో రాస్తాడు.

రైస్‌మిల్లు_లెక్కలు
రెండూ చేర్చాను. గడువు సోమవారం సాయంత్రం అయిదింటికి, శనివారమే రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నా, ఒక కాపీ డిస్కమ్‌కి కూడా. జవాబు రాగానే ఇక్కడే పెడతాను.